95 డిగ్రీల నుంచి కిందికి: సీపీయూ కూలింగ్ పని ఎంతవరకు వచ్చిందంటే

నా కంప్యూటర్ సీపీయూ అయిన ఏఎండీ రైజెన్ 5 7600ఎక్స్‌కి ఫుల్ లోడ్ ఇస్తే నేరుగా 95 డిగ్రీలకు వెళ్లి అక్కడే నిలబడుతుంది. టెన్షన్ పడక్కర్లేదు, ఏఎండీ దాన్ని అలాగే తయారుచేసింది. వేడికీ కరెంటుకీ ఉన్న హద్దుల్లో ఎంత వీలైతే అంత క్లాక్ (పనిచేసే వేగం) పెంచుకుంటుంది. అందుకే పెద్ద కూలర్ పెట్టినా ఒక్కోసారి అంకె కదలదు, స్పీడ్ కాస్త పెరుగుతుంది అంతే. అంకె దిగాలంటే ముందు అది తాగే కరెంటు తగ్గాలి.

ఆ పని బయోస్‌లో, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ మెనూలో ఉంది. 65 వాట్ల ఎకో మోడ్ (కరెంటు పొదుపు సెట్టింగ్) ఆన్ చేస్తే సాకెట్ పవర్ హద్దు, అంటే సీపీయూ నిజంగా తీసుకోగలిగే పవర్, 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. నా దగ్గర రెండర్ (వీడియో లేదా 3డీ ఫైల్ తయారీ) నడుస్తున్నప్పుడు కూడా ఇప్పుడు 70 డిగ్రీలు దాటడం లేదు. రెండర్ కొంచెం ఆలస్యమవుతుంది, గేమ్స్‌లో తేడా నాకైతే తెలియలేదు. రూపాయి ఖర్చు లేని ఈ మార్పు ముందు మిగతావన్నీ చిన్నవే. తర్వాత వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్‌లో అన్ని కోర్లకూ (సీపీయూలోని పనిచేసే యూనిట్లకు) మైనస్ 20 ఇచ్చాను. ఇక్కడ ఒక జాగ్రత్త: వోల్టేజ్ చాలకపోతే ఫుల్ లోడ్‌లో బాగానే నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు హఠాత్తుగా రీస్టార్ట్ అవ్వచ్చు. కాబట్టి ఒక్కో కోర్‌ను విడిగా టెస్ట్ చేయాలి.

సీపీయూకీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ కూడా మార్చాను. కూలర్ ఎత్తి చూస్తే పాత పేస్ట్ అంచులకు జరిగిపోయి, మధ్యలో కూలర్ అడుగు రాగి రంగు కనిపించేంత పలచబడింది. రాగితో పోలిస్తే పేస్ట్ వేడిని చాలా తక్కువగా మోస్తుంది. లోహాల మధ్య గాలి ఖాళీలు పూడ్చడమే దాని పని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వేసి, స్క్రూలను ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించాను.

కేస్ గాలి సంగతి తేల్చుకోవడం తేలిక. ఫుల్ లోడ్ టెస్ట్ ఒకసారి నడిపి, సైడ్ ప్యానెల్ తీసి అదే టెస్ట్ మళ్లీ నడపండి. టెంపరేచర్ బాగా దిగితే లోపం కూలర్‌ది కాదు, కేస్‌లోకి గాలి సరిగా రావడం లేదని అర్థం. ప్రతిసారీ గది టెంపరేచర్ కూడా పక్కన రాసుకోండి, లేకపోతే ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు.

ఫ్యాన్ మాటిమాటికీ హోరెత్తకుండా, వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగేలా పెట్టాను. ఇక పేస్ట్ బదులు పీటీఎం 7950 అనే, వేడికి మెత్తబడే పలచని షీట్ వేయాలి. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సర్దుకుంటుంది, పేస్ట్‌లా పక్కలకు జరిగిపోదు. షీట్ చిరగకుండా దాని పైనున్న రక్షణ ఫిల్మ్ ఊడి రావాలంటే ముందు కాసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి.