నలభై ఏడేళ్లకు మొదలుపెట్టిన కసరత్తు

ముందు రిపోర్టు సంగతి చెప్పేస్తాను. హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 6.1. పరగడుపున షుగర్ 112. బీపీ 134/86. రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 190. మంచాన పడేసే అంకె ఒక్కటీ లేదు, నిశ్చింతగా నిద్రపోనిచ్చే అంకె కూడా లేదు. డాక్టరు గారు కాగితం అటూ ఇటూ తిప్పి, "బోర్డర్‌లో ఉన్నారమ్మా. మందులు ఇప్పుడే వద్దు. తిండి, నడక కాస్త చూసుకోండి. మూడు నెలలు పోయాక మళ్లీ పరీక్ష చేయిద్దాం" అని పంపించేశారు. తిండి, నడక చూసుకోవడమంటే రేపు పొద్దున లేచి ఏం చేయాలి? ఆవిడ చెప్పలేదు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, నేనూ అడగలేదు. ఆ జవాబు నాకు ముక్కలు ముక్కలుగా ఎలా దొరికిందో రాస్తున్నాను.

మూడు నెలల గడువు ఎందుకో ఇంటికొచ్చి చదివాను. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. రక్తంలో తిరిగే చక్కెర కొంత ఆ కణంలోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది, కణం బతికున్నంత కాలం అలాగే ఉండిపోతుంది. అందుకే హెచ్‌బీఏ1సీ పరీక్షలో గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకున్నంత మాత్రాన దాన్ని ఏమార్చలేం. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు దశ, 6.5 దగ్గర నుంచి డయాబెటిస్.

నాకు ధైర్యం వచ్చింది మాత్రం 2002లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన చదివాక. పేరు డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్. నాలాగే బోర్డర్‌లో ఉన్నవాళ్లు మూడు వేల మందికి పైగా అందులో పాల్గొన్నారు, వాళ్ల సగటు వయసు 51. వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఒంటి బరువులో 7 శాతం తగ్గడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. నా బరువు 68 కిలోలు. అందులో 7 శాతమంటే ఐదు కిలోలు కూడా కాదు. నేనేమో ఇరవై కిలోలు తగ్గాలేమోనని బెంగపెట్టుకుని కూర్చున్నాను.

"ఈ వయసులో మెటబాలిజం పడిపోతుంది, ఇంకేం తగ్గుతావులే" అని ఇంట్లో, ఆఫీసులో అందరిదీ ఒకటే పాట. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం ప్రచురించిన అధ్యయనం అలా అనడం లేదు. ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్లవాళ్ల దాకా ఆరు వేల మందికి పైగా జనం ఒంట్లో శక్తి ఎంత ఖర్చవుతోందో చూశారు. ఒంటి పరిమాణం, కొవ్వు, కండ లెక్కలోకి తీసుకున్నాక 20 నుంచి 60 ఏళ్ల మధ్య ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది.

మరి నడుము ఎందుకు పెరుగుతోంది? అక్కడే నాకు అసలు విషయం అర్థమైంది. ముప్ఫై దాటాక పట్టించుకోకపోతే పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతుందని అంచనా. మనం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా పోయి చేరేది కండరాల్లోకే. కండ తగ్గితే దానికి చోటు తగ్గుతుంది. ఆడవాళ్లకి ఇంకొకటి కూడా ఉంది. పీరియడ్స్ ఆగే దశలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోవడంతో, అంతకు ముందు తుంటికీ తొడలకీ పట్టే కొవ్వు పొట్ట వైపు మళ్లుతుంది, ఎముకలు కూడా పలచబడతాయి. కాబట్టి నేను చేయాల్సింది బరువు తగ్గడమొక్కటే కాదు, ఉన్న కండ పోకుండా తగ్గడం. ఆ తర్వాత నేను చేసినవన్నీ ఈ ఒక్క లెక్క మీదే నడిచాయి.

నడకతో మొదలుపెట్టాను, దానికి మంచి బూట్లు తప్ప ఏమీ అక్కర్లేదు కనుక. రోజుకు పది వేల అడుగులు అనే మాట ముందు పక్కన పెట్టేశాను. అది ఏ డాక్టరూ లెక్కగట్టి చెప్పింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం (పెడోమీటర్) పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అడుగులు లెక్కపెట్టమని చెప్పవు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చాలంటాయి. కనీసం పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్క అని అంతకు ముందు ఉన్న షరతు కూడా ఎత్తేశారు. ఆఫీసు పనిలో పడిపోయేవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఓ మోస్తరు అంటే ఎంతో తెలుసుకోవడానికి గడియారం కూడా అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఫోన్‌లో మా చెల్లెలితో మాట్లాడుతూ నడిస్తే, "అక్కా, ఎందుకలా రొప్పుతున్నావ్?" అని అది అడిగిందంటే సరిపోయినట్టే.

నడక పొడవు కన్నా వేళ ముఖ్యమని తెలిసింది ఇంట్లోనే షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ కొన్నాక. ఒక రోజు మధ్యాహ్నం మామూలుగా తిని, కుర్చీలోనే ఉండి, గంటకి చూస్తే 171. మర్నాడు అదే భోజనం, అంతే కొలత. తినగానే పదిహేను నిమిషాలు తాపీగా నడిచాను, పరుగేమీ కాదు. గంటకి చూస్తే 138. గ్లూకోమీటర్ అంకెల్లోనే 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు, ఒక్కరోజు చూసి సంబరపడకూడదు. అందుకని మధ్యమధ్యలో మళ్లీ చూశాను, తేడా ప్రతిసారీ అటువైపే ఉంది. కారణం సింపుల్. కదులుతున్న కండరం ఇన్సులిన్ వచ్చి తలుపు తీసేదాకా ఆగదు, రక్తంలోంచి చక్కెరని సొంతంగా లాక్కుంటుంది. అప్పటినుంచి పొద్దున ఒకేసారి గంట నడవడం మానేసి, ఆ సమయాన్నే మూడు భోజనాల వెనక పంచేశాను. మావారికి మొదట్లో ఇది వింతగా ఉండేది, చేయి కడుక్కోగానే చెప్పులేసుకుని ఎక్కడికి పోతోందని. తర్వాత రాత్రిపూట ఆయనా రావడం మొదలుపెట్టారు.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మాత్రం తిండిగానీ వ్యాయామంగానీ ఉన్నట్టుండి మార్చకుండా ముందు డాక్టరుతో మాట్లాడుకోవాలి. మందు డోసు అదే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక కండ సంగతి. జిమ్ అంటే నాకు టెన్షన్. అద్దాలు, మోత, పక్కన పాతికేళ్ల పిల్లలు. కుడి మోకాలు కలుక్కుమంటోందని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, నా జిమ్ మా భోజనాల బల్ల దగ్గరే ఉందని ఆయన తేల్చారు. "రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. లేచాను, కానీ ముందుకి ఒక ఊపు ఊగి లేచాను. "ఊపు వద్దు. పాదాలు కాస్త వెనక్కి తీసుకోండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగండి. ఇప్పుడు మడమలు నేలకి అదుముతూ పైకి రండి." ఈసారి పిరుదుల కండరాలు బిగిసినట్టు స్పష్టంగా తెలిసింది. లేస్తున్నప్పుడు నా మోకాళ్లు రెండూ లోపలికి, ఒకదానివైపు ఒకటి పడిపోతున్నాయని ఆయన చూపించారు. నొప్పికి అదీ ఒక కారణమట. మోకాళ్లు కాలి రెండో వేలి దిక్కుకే చూస్తూ ఉండేలా లేవడం అలవాటయ్యాక ఆ కలుకు చాలా తగ్గింది.

అన్నిటికన్నా కష్టం కూర్చోవడం. లేవడం ఎలాగోలా లేస్తాం, కూర్చునేటప్పుడు చివరి జానెడు దూరం ధబ్బున పడిపోతాం. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ కుర్చీకి ఆనాలి, ఆనీ ఆనకుండానే మళ్లీ లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎక్కుతుంది. లేచేటప్పుడు వదలాలి. పది పన్నెండు సార్లు తేలిగ్గా వచ్చేశాయంటే కుర్చీ ఎత్తు తగ్గించాలి, లేదా నీళ్ల సీసా గుండెలకి హత్తుకుని చేయాలి. ఈ కష్టం పెంచుకుంటూ పోవడం మానేస్తే కండ పెరగడం కూడా అక్కడితో ఆగిపోతుంది. దీనికి తోడు గోడకి చేతులానించి పుషప్‌లు, తర్వాత బల్ల అంచుకి. బరువైన సంచీని నడుము వంచకుండా తుంటి దగ్గర మడతపడి నేల మీంచి ఎత్తడం. మునివేళ్ల మీద లేవడం. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి. బలం పెంచే వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కూడా, కాకపోతే నడక గురించి చెప్పినంతగా దాని గురించి ఎవరూ చెప్పరు. మొదటిసారి చేసిన మర్నాటి కన్నా రెండో రోజు ఒళ్లు నొప్పులు ఎక్కువ, మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నాను. అలా జరగడం మామూలే, తగ్గిపోతుంది. కీలులో చురుక్కుమనే నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి.

తిండి దగ్గర ముందు ఏమీ మానలేదు. ఒక వారం పాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ రాసుకున్నాను, అంతే. రాసింది చూస్తే ప్రోటీన్ రోజుకు నలభై గ్రాములు దాటడం లేదు, అందులోనూ సగానికి పైగా రాత్రి పూటే. పెద్దవాళ్లకి కిలో బరువుకి కనీసం 0.8 గ్రాములు కావాలంటారు, నాకు ఆ లెక్కన 54. వయసు పెరిగేకొద్దీ 1 నుంచి 1.2 దాకా మంచిదని నిపుణులు చెబుతున్నారు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లు డాక్టరుని అడగాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఎనిమిది, కప్పు ఉడికిన పప్పులో పదిహేను దాకా. పొద్దున్నే ఈ మూడింటిలో ఏదో ఒకటి తగినంత పడితే, పదకొండింటికి బిస్కెట్ డబ్బా మీదికి చేయి పోవడం దానంతటదే ఆగిపోయింది. నా మట్టుకు ఇదే అన్నిటికన్నా తేలికైన మార్పు.

కంచం కూడా మారింది. సగం కూరగాయలు, పావు వంతు ప్రోటీన్, పావు వంతు అన్నమో రొట్టో. ముందు కూర, పప్పు సగం తినేసి తర్వాత అన్నం వైపు వెళ్తే షుగర్ ఎక్కడం నెమ్మదిస్తుంది, ఇది కూడా మీటర్ మీద చూసుకున్నాను. పండ్లు తింటాను, జ్యూస్ తాగను. పంచదారకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉత్తమ హద్దు రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. ఉప్పు 5 గ్రాముల లోపు. నేను తినే ఉప్పు వంటింట్లో కన్నా ప్యాకెట్లలోనే ఎక్కువ ఉంది, అవి తగ్గితే అదీ తగ్గింది. ఇక ఆఫీసులో ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఎప్పుడూ ఉంటుంది. కేకు ఒక ముక్క తింటాను, రెండోది తినను. వద్దని వాదించే ఓపిక నాకు లేదు.

బరువు మొదటి రెండు వారాల్లో చకచకా దిగి తర్వాత మొరాయించింది. మొదట దిగేది చాలావరకు నీరే. ఒంట్లో చక్కెర నిల్వ ఉండే రూపం గ్లైకోజెన్, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది, నిల్వ తగ్గితే నీరూ పోతుంది. ఇది ముందే తెలియబట్టి కంగారు పడలేదు గానీ, విసుగు మాత్రం వచ్చింది. అప్పుడు బరువు చూసుకునే మిషన్‌ని మంచం కిందికి తోసేసి టేపు పట్టుకున్నాను. అన్నిటికన్నా కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. నడుము కొలత ఎత్తులో సగం లోపు ఉంటే మంచిది. నా ఎత్తు 158 సెంటీమీటర్లు కాబట్టి నడుము 79 లోపు ఉండాలి. అప్పటికి 91 ఉంది. బరువు కదలని వారాల్లో కూడా టేపు కొద్దికొద్దిగా కదిలింది. కొవ్వు పోతూ కండ నిలబడితే మిషన్‌కి ఆ తేడా తెలియదు.

మూడు నెలలు దాటాక రెండో రిపోర్టు: హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్లు 142, బీపీ 126/80. బరువు 64.5, నడుము 86. 5.8 అంటే ఇంకా ప్రీడయాబెటిస్ గీతలోపలే. డాక్టరు గారు "ఇలాగే కానివ్వండి, ఆరు నెలలకి చూద్దాం" అన్నారు. ఈసారి అడగాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఎముకల సాంద్రతకి డెక్సా స్కాన్ ఇప్పుడే అవసరమా అని అడిగితే, ఇంట్లో పెద్దవాళ్లకి తుంటి ఎముక విరిగిన చరిత్ర ఉందా అని ఆరా తీసి, లేదనడంతో ఇంకొన్నాళ్లు ఆగొచ్చన్నారు.

నిద్ర మాత్రం ఇంకా దారికి రాలేదు. ఏడు గంటలు పడుకోవాలని తెలుసు, ఒంట్లో ఆవిర్లు వచ్చి రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ పట్టదు. నిద్ర చాలని రోజు ఆకలి ఎక్కువ, అదీ తీపి మీదికే పోతుంది. అలాంటి రోజుల్లో వ్యాయామం సగానికి తగ్గించి, పొద్దుటి ప్రోటీన్ మాత్రం వదలను. ప్రయాణాలున్న వారాల్లో కంచం నా చేతిలో ఉండదు, అప్పుడు భోజనం తర్వాతి నడక, హోటల్ గదిలో ఉన్న కుర్చీ, ఈ రెండే చూసుకుంటాను. మిగతావి ఇంటికొచ్చాక.