మా గోడకు సున్నా ఎక్కడ?

నెల్లూరు వేదాయపాళెంలో మాది మూల ఇల్లు. పాతికేళ్ల కిందట కట్టినప్పుడు వాకిలి, రోడ్డు ఒకే మట్టంలో ఉండేవి. ఆ తర్వాత ఎప్పుడు రోడ్డు వేసినా పాతదాన్ని తవ్వకుండా దానిమీదే ఇంకో పొర. ఇప్పుడు ఇంట్లోకి రావాలంటే రెండు మెట్లు దిగాలి. వానొస్తే వీధి నీళ్లన్నీ మావే.

పోయినేడు పాత ప్రహరీ తీసేసి ఆరున్నర అడుగుల గోడ పెట్టించాను. సిమెంటు పూత ఆరిందో లేదో, గోడ ఎత్తు ఎక్కువైందని నోటీసు. రోడ్డు వైపు గోడ మీటరున్నర దాటకూడదట. మనది దాదాపు రెండు మీటర్లు. పడగొట్టాల్సిందేనని రెండు రాత్రులు నిద్ర లేదు.

ప్లాను గీసిన ఇంజినీరు కుర్రాడు వచ్చి ఒక్కటే అడిగాడు. "ఎక్కణ్ణుంచి కొలిచావన్నా?"

"నేల మీద నుంచే."

"ఏ నేల?"

అప్పుడు చెప్పాడు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంటి ఎత్తుకి చుట్టూ ఉన్న నేల సగటు మట్టం చూస్తారు. ప్రహరీకి మాత్రం ఎదురుగా ఉన్న రోడ్డు మధ్యగీతే సున్నా. మన వాకిలి ఎంత పల్లంలో ఉందో దానికి అనవసరం.

ఆదివారం తెల్లారి ఆరింటికి, ఆటోలు మొదలవకముందే, మేస్త్రి లెవెల్ పైపు తెచ్చాడు. లోపలి నీళ్లు కనపడే సన్న గొట్టం అది; రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుందని నీళ్లు రెండుసార్లు పోసి, తట్టి తట్టి బుడగలు పోగొట్టాడు. రోడ్డు నడుమ కర్ర నిలబెట్టి, మీటరు గీత దగ్గర పైపు కొస పట్టుకుని నేను నిలబడ్డాను. రెండో కొసలో నీళ్లు నిలిచిన చోట గోడ మీద మేస్త్రి గీత గీశాడు. అక్కణ్ణుంచి గోడ పైదాకా 48 సెంటీమీటర్లు. అంటే మొత్తం 148. రోడ్డోళ్లని ఇన్నేళ్లు తిట్టుకున్నాను గానీ, ఆ పొరలే గోడని కాపాడాయి!

సంతోషం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. "మూల స్థలం కదన్నా" అన్నాడు కుర్రాడు. రెండు రోడ్లు కలిసేచోట అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు గట్టి గోడ 75 సెంటీమీటర్లే ఉండాలట. ఆపైన కావాలంటే ఇంకో 75 సెంటీమీటర్లు గ్రిల్లు. మలుపు తిరిగేవాళ్లకి ఎదురొచ్చే బండి కనపడాలి కదా, అందుకు. ఇక్కడ వాదించడానికి ఏమీ లేదు. ఆ మూలలో మా పిల్లాడే ఒకసారి సైకిల్ మీద నుంచి పడ్డాడు.

వరస వరసగా ఇటుక ఊడదీయించి గ్రిల్లు పెట్టించాను. కొలతలు, ఫొటోలు జతచేసి జవాబిచ్చాక మళ్లీ నోటీసు రాలేదు.

మా వీధికి మళ్లీ రోడ్డు వేస్తారంటున్నారు. ఇవాళ్టి రోడ్డు మట్టం ఇదీ అని గేటు స్తంభం మీద ఎర్ర పెయింటుతో గీత కొట్టించాను. మేస్త్రి నవ్వాడు. "రోడ్డు పెరిగితే ఇంకో వరస ఇటుక పేర్చుకోవచ్చులే సారూ!"