టార్చ్ కోరల్ విచ్చుకుంది!

మా ఉప్పునీటి అక్వేరియంలో నీలం లైట్లు వెలిగిన కాసేపటికి, ముడుచుకున్న టార్చ్ కోరల్ (ఒక రకం పగడం) టెంటకిల్స్ ఒక్కొక్కటే బయటపెట్టింది. ఆకుపచ్చ కాడలు, కొసల్లో లేత పసుపు. ఇంట్లో అందరినీ కేకేసి పిలిచాను.

కొత్త ఎల్‌ఈడీలు బిగించినప్పటి నుంచి ఒకటే టెన్షన్. కోరల్ ఒంట్లో కాపురముండే సన్నటి ఆల్గే (నాచు) వెలుతురుతో వండి దానికి తిండి పెడుతుంది. వెలుగు చాలకపోతే పస్తు, ఒక్కసారిగా ఎక్కువైతే ఆ ఆల్గే పోయి కోరల్ తెల్లబడిపోతుంది. అందుకే తక్కువలో మొదలుపెట్టి వారం వారం కాస్త పెంచుతున్నాను.

అక్రోపోరా అనే ఇంకో పగడానికి వెలుగు దండిగా కావాలి, దాన్ని పై రాతి మీద పెట్టాను. టార్చ్‌ది కింద చోటు. పొడుగాటి టెంటకిల్స్ చాపి పక్కవాటిని కుట్టేస్తుంది, చుట్టూ ఖాళీ వదలాల్సిందే.

చేపలకి తొందరేం లేదు. ప్రస్తుతానికి క్లౌన్ చేపల జంట చాలు. ఎల్లో టాంగ్ అనే పసుపు చేప అన్నిటికన్నా చివర్లో. ముందే వస్తే ట్యాంకంతా నాదేనంటూ తర్వాత వచ్చినవాటిని తరుముతుంది.

ఫొటో చూసి విశాఖ నుంచి తమ్ముడు ఫోన్. "అన్నయ్యా, డాలస్ నుంచి వచ్చేటప్పుడు నాకో ముక్క తేవా?"

కుదరదురా! మన దగ్గర ఇలాంటి రాతి పగడాలకి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. నువ్వే ఇక్కడికి రా, చూపిస్తాను.