డబ్బులేని బ్యాట్‌మాన్, పిల్లలున్న స్పైడర్‌మాన్

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారంనాడు దుకాణాలకు చేరతాయి. డాలస్‌లో స్థిరపడిన నాటి నుంచి, వీలు చిక్కిన బుధవారం సాయంత్రాలను మా ఇంటికి దగ్గరలోని కామిక్స్ దుకాణంలో గడపడం నాకు అలవాటు. కోవిడ్ కాలంలో అక్కడ వినిపించే మాటలన్నీ ధరల చుట్టూనే తిరిగేవి: ఏ పాత్ర సినిమాలోకి రాబోతోంది, ఆ పాత్ర మొదటిసారి కనిపించిన సంచిక ఎంత పలుకుతోంది, ఇప్పుడు అమ్ముకోవాలా, ఇంకొంతకాలం ఆగాలా. ఈమధ్య ఆ వరస మారింది. కౌంటరు దగ్గర నిలబడినవాళ్లు ఇప్పుడు కథ గురించి వాదించుకుంటున్నారు. జనం ఎగబడి కొంటున్న పుస్తకాలనే జనం నిజంగా చదువుతూ ఉండడం ఈ రంగంలో తరచుగా జరిగే విషయం కాదు. ఆ సంతోషంతోనే ఇది రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది ‘అబ్సల్యూట్ బ్యాట్‌మాన్’ గురించి. స్కాట్ స్నైడర్ రచన, నిక్ డ్రగోట్టా బొమ్మలతో డీసీ సంస్థ దీన్ని 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. 1939 నుంచి పాఠకులకు తెలిసిన బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మాన్ ముసుగు వెనకున్న మనిషి, పుట్టు కోటీశ్వరుడు. భవంతి, గుహ, బట్లరు, కారు, అన్నీ తండ్రి వదిలివెళ్లిన ఆస్తితో సమకూరినవే. ఈ కొత్త కథలో ఆ ఆస్తి లేదు. తండ్రి థామస్ బడిపంతులు. పిల్లలను జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్లిన రోజున జరిగిన కాల్పుల్లో ప్రాణం విడుస్తాడు. తల్లి మార్తా మాత్రం బతికే ఉంటుంది. బ్రూస్ ఒక మామూలు ఉద్యోగస్థుల ఇంట్లో పెరిగి ఇంజనీరింగ్ నేర్చినవాడు. వాడి గుండెల మీది గబ్బిలం గుర్తును ఊడదీస్తే అది గొడ్డలిగా పనికొస్తుంది. పాత కథల్లో విలన్లుగా తెలిసిన వేలన్ జోన్స్, ఎడ్వర్డ్ నిగ్మా, హార్వీ డెంట్ వంటివారు ఇక్కడ బ్రూస్‌కు చిన్ననాటి స్నేహితులు. లెక్కలేనంత డబ్బున్నవాడు బ్యాట్‌మాన్ బద్ధశత్రువు జోకర్.

ఈ మార్పు పైపై తమాషా కోసం చేసినది కాదని రెండు మూడు సంచికలు చదివితే తెలిసిపోతుంది. డబ్బు లేనప్పుడు ప్రతి పనిముట్టు ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎవరు తయారుచేశారో రచయిత చెప్పి తీరాలి. అందువల్ల కథకు నేల మీద కాళ్లు ఆనాయి. తల్లి బతికి ఉండడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద మార్పు. ఎనభై ఏళ్లకు పైగా పగ ఒక్కటే తోడుగా తిరిగిన మనిషికి, తెల్లవారేసరికి ఇంటికి వెళ్లి ముఖం చూపించవలసిన అమ్మ ఒకామె ఏర్పడింది. ఇక డ్రగోట్టా బొమ్మల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన గీసిన బ్యాట్‌మాన్ భుజాలు గడిలో పట్టనంత వెడల్పుగా ఉంటాయి, ఆ మనిషి గుమ్మంలో నిలబడితే వెనకనున్న గది కనిపించదు.

రెండోది మార్వెల్ వారి ‘అల్టిమేట్ స్పైడర్‌మాన్’. జొనాథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెట్టో బొమ్మలతో 2024 జనవరిలో మొదలైంది. ఇందులో స్పైడర్‌మాన్‌గా మారే పీటర్ పార్కర్ బడికి వెళ్లే కుర్రాడు కాడు. పెళ్లయి, భార్య మేరీ జేన్‌తో, ఇద్దరు పిల్లలతో కాపురం చేసుకుంటున్న నడివయసు మనిషి. సాలెపురుగు శక్తులు అతనికి ఆ వయసులో వస్తాయి. పాత కథల్లో చనిపోయే బాబాయి బెన్ ఇక్కడ బతికే ఉన్నాడు. పత్రికా సంపాదకుడు జేమ్సన్‌తో కలిసి సొంతంగా వార్తలు రాసే పనిలో పడతాడు. దీని నిర్మాణంలో నాకు బాగా నచ్చిన అంశం ఒకటుంది: బయట నెల గడిస్తే కథలోనూ నెల గడుస్తుంది. సంచికకూ సంచికకూ మధ్య పాత్రలు కూడా మనతోపాటే ముప్పై రోజులు బతికి వస్తాయి. ‘చందమామ’ ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసిన తెలుగు పాఠకులకు ఈ నిరీక్షణ రుచి వేరే చెప్పనక్కరలేదు. ఇవే సంచికలను తరవాత ఒకే సంపుటంగా కొని ఒక్క రాత్రిలో చదివేస్తే కథ అర్థమవుతుంది గాని, ఆ కాలం గడిచిన అనుభవం అందదు. నెలనెలా విడి సంచికలు కొని దాచుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనిపించలేదు.

వీటితోపాటు ‘అబ్సల్యూట్ వండర్ వుమన్’ను కూడా చదవమని నేను గట్టిగా చెబుతాను. కెల్లీ థాంప్సన్ రాసిన ఆ కథలో డయానా (వండర్ వుమన్ అసలు పేరు) స్వర్గంలాంటి దీవిలో కాక నరకంలో, సర్సీ అనే మంత్రగత్తె చేతుల్లో పెరుగుతుంది. అయినా దయ తగ్గదు. రాబర్ట్ కిర్క్‌మన్ 2023లో మొదలుపెట్టిన ‘వాయిడ్ రైవల్స్’ మొదటి సంచికలో ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ కథల్లోని రోబో ఒకటి ప్రత్యక్షం కావడమూ, ఆ వార్త పొక్కగానే దుకాణాల్లో ప్రతులు మాయం కావడమూ అభిమానులకు ఇంకా గుర్తే.

ఇంతగా ఎందుకు మాయమవుతాయో తెలియాలంటే ఈ వ్యాపారం నడిచే తీరు తెలియాలి. కామిక్స్ దుకాణదారు కొన్ని వారాల ముందే ఎన్ని ప్రతులు కావాలో చెప్పి కొనుక్కోవాలి; అమ్ముడుపోకపోతే సాధారణంగా వాటిని తిరిగి పంపే వీలుండదు. నష్టం భయంతో తక్కువ తెప్పిస్తే, జనానికి నచ్చిన పుస్తకం ఒక్క పూటలో అయిపోతుంది. అప్పుడు ప్రచురణకర్త ముఖచిత్రం రంగో బొమ్మో మార్చి రెండో ముద్రణ, మూడో ముద్రణ వేస్తాడు. మొదటి ముద్రణకు గిరాకీ పెరిగేది అక్కడే. దీనికి తోడు ఒకే సంచికకు రకరకాల ముఖచిత్రాలు వేసి, మామూలు ప్రతులు పాతిక తెప్పించుకున్న దుకాణానికి ప్రత్యేకమైన ముఖచిత్రమున్నది ఒకటి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. లోపలి కథ ఒకటే అయినప్పుడు ఆ ఒక్క ప్రతికి పదింతలు పెట్టడం నాకు ఎన్నడూ సబబుగా తోచలేదు. దశాబ్దాలుగా పంపిణీలో పెద్ద చెయ్యిగా ఉన్న డైమండ్ సంస్థ 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసిన తరవాత, చిన్న ప్రచురణకర్తల పుస్తకాలకు కష్టం వచ్చిపడింది. ప్రత్యేక ముఖచిత్రాల మీద పోసే డబ్బు మంచి కథ వేసే అలాంటి చిన్న సంస్థలకు వెళితే బాగుంటుందని నా కోరిక.

ముఖచిత్రాల మోజు ఎక్కడికి దారితీస్తుందో చరిత్ర ఒకసారి చూపించింది. 1991లో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచికను ఐదు ముఖచిత్రాలతో విడుదల చేశారు. అందులో నాలుగింటిని పక్కపక్కన పేరిస్తే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది, ఐదోది మడత విప్పితే ఆ బొమ్మ మొత్తం కనిపిస్తుంది. ఎనభై లక్షలకు పైగా ప్రతులు పోయాయి. మరుసటి ఏడు సూపర్‌మాన్ చనిపోయిన 75వ సంచిక నల్లటి ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. చదవడానికి ఒకటి, సంచి విప్పకుండా దాచడానికి మరొకటి కొన్నవాళ్లు ఎందరో. పిల్లల కాలేజీ చదువులకు పనికొస్తాయనుకున్న ఆ పెట్టెలు ఈనాటికీ అటకల మీదే ఉన్నాయి, ఎందుకంటే అందరి దగ్గరా ఉన్నాయి. ఆ మోజు విరిగిపడిన తరవాత ఎన్నో దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థే దివాలా రక్షణ కోరింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1939 నాటి ‘సూపర్‌మాన్’ మొదటి సంచికది. అప్పటి వెల పది సెంట్లు. పిల్లలు చదివారు, చేతులు మార్చుకున్నారు, చించుకున్నారు. యుద్ధకాలంలో ఊరూరా కాగితం పోగుచేసినప్పుడు ఇచ్చేశారు. శుభ్రంగా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు చనిపోయిన తమ తల్లి ఇంటి అటక సర్దుతుంటే, పాత వార్తాపత్రికల కింద అట్టపెట్టెలో అలాంటి ప్రతి ఒకటి దొరికింది. 2025 నవంబరులో అది వేలంలో 91 లక్షల డాలర్లకు పైగా పలికింది.

చదివే పిల్లల చేతి గుర్తులు ఇంకా స్పష్టంగా కనిపించే సంచిక 1974 నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181. తరవాత ఎక్స్‌మెన్ బృందంలో పేరుపొందిన వోల్వరిన్ పూర్తి స్థాయిలో కనిపించిన మొదటి కథ అది. ఆ రోజుల్లో మార్వెల్ తన పత్రికల లోపల, పాఠకుల ఉత్తరాల పేజీలో తపాలా బిళ్లంత బొమ్మ ఒకటి అచ్చువేసి, కత్తిరించి ఒక చిన్న పుస్తకంలో అతికించుకోమనేది. వేలాది పిల్లలు ఆ మాట విని కత్తెర పట్టారు. అందువల్ల ఈ సంచిక కొనేవాళ్లు ఇవాళ ముఖచిత్రం కన్నా ముందు ఉత్తరాల పేజీ తిప్పి, ఆ బిళ్ల ఉందా లేదా అని చూస్తారు. లేకపోతే విలువలో పెద్ద భాగం పోయినట్టే. మా దుకాణంలో ఒకసారి బిళ్ల కత్తిరించిన ప్రతిని పట్టుకుని చూశాను. అంచులు వంకరటింకరగా, వెనక పేజీలోని మాటలు సగానికి తెగి ఉన్నాయి. దాన్ని లోపమున్న సరుకుగా అమ్మకానికి పెట్టారు గాని, నాకు మాత్రం ఆ పుస్తకం తన పని తాను చేసినట్టే అనిపించింది.

2000లో మొదలైన సీజీసీ సంస్థ పుస్తకాన్ని పరిశీలించి, పది వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తుంది. లక్షల డాలర్ల పాత పుస్తకాల విషయంలో ఇది అవసరమే. రంగు పూశారా, పేజీ మార్చారా అన్నది మామూలు కంటికి తెలియదు. నిన్నగాక మొన్న వచ్చిన ఐదు డాలర్ల సంచికను 9.8 మార్కు కోసం ఆ డబ్బాలో బిగించడాన్ని మాత్రం నేను సమర్థించలేను. దాన్ని ఇక ఎవరూ తెరవరు. పాతవాటి మీద మోజున్నవారికి నేను చెప్పేది అచ్చం పాతదానిలాగే మళ్లీ వేస్తున్న ఫాక్సిమిలీ ప్రతుల గురించి. కండలు పెంచే కోర్సుల ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, అలనాటి వెల, అన్నీ ఉన్నదున్నట్టు అచ్చువేస్తారు. హల్క్ 181 కూడా ఇలా వచ్చింది.

విడి సంచికల ఖర్చు భరించలేనివారికి డీసీ 2024 నుంచి తెస్తున్న చిన్న సైజు సంపుటాలు మేలు. పది డాలర్లలోపే పూర్తి కథ వస్తుంది. ఇక్కడి మన తెలుగు పిల్లలు చదివేవి మాత్రం వేరు. బడి గ్రంథాలయం నుంచి ‘డాగ్ మాన్’ తెచ్చుకునేవాళ్లు, కాస్త పెద్దయ్యాక జపాన్ బొమ్మల కథలైన మాంగాల్లోకి వెళ్లేవాళ్లు. పెద్దల దుకాణానికి రాకపోయినా వాళ్లే ఈ కళకు రేపటి పాఠకులు, వాళ్లను సూపర్‌హీరోల వైపు లాగాలని నేను అనుకోను.

విశాఖలో ఉన్న మా బాబాయిగారి అబ్బాయి ఈమధ్య సేకరణ మొదలుపెట్టి, ఎలా దాచాలని అడిగాడు. సముద్రపు గాలికి మొదట తుప్పు పట్టేవి నడుమ కుట్టిన పిన్నులే, ఆ మరక కాగితంలోకి దిగితే ఇక పోదు. అందుకే ప్రతి సంచికనూ ఆమ్లం లేని అట్టముక్కతో సహా పాలీప్రొపిలీన్ కవరులో పెట్టి, పెట్టెలో నిలువుగా పేర్చి, బయటి గోడకు ఆనించకుండా, తేమ పీల్చే సిలికా పొట్లాలు పడేసి ఉంచమన్నాను. వానాకాలం వెళ్లగానే ఆ పొట్లాలు మార్చమని, కవరును టేపుతో గట్టిగా అతికించవద్దని కూడా చెప్పాను. తీసి చదవాలనిపించినప్పుడల్లా ఆ టేపు అట్టకు అంటుకుని రంగు లాగేస్తుంది.