కొట్టేసి రాసిన కార్డు

ఈరోజు 9వ తేదీ, గర్భిణుల చెకప్. ఎనిమిదిన్నరకే బెంచీలు నిండిపోయాయి. చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో దిగినవాళ్ళు, వెంట అత్తో అమ్మో, ఒక టిఫిన్ క్యారియరు. బీపీ, బరువు, రక్తపరీక్ష మామూలే.

మధ్యాహ్నానికి నా చేతులకు తొందర పట్టుకుంది. తొలి కాన్పు పిల్ల, 33 వారాలు. పడుకోబెట్టి పొత్తికడుపు దగ్గర ఒకసారి పట్టి చూసి, "తల కిందికే ఉంది" అనేసి కార్డులో రాసేశాను. తోడొచ్చిన అవ్వ మొహం వెలిగిపోయింది.

బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ పెడితే కింద ఎంత వెదికినా చప్పుడు సరిగ్గా దొరకలేదు. తల కిందుంటే మామూలుగా అక్కడే వినిపించాలి. బొడ్డుకు పైన, ఎడమవైపు పెట్టగానే టకటకా వినిపించింది. నిమిషానికి 144. బిడ్డ బాగానే ఉంది. తేడా నా చేతిలోనే.

పిల్లను బాత్రూముకు వెళ్ళి రమ్మన్నాను. అది ముందే చెప్పాల్సింది, మూత్రం నిండి ఉంటే కింద ఏముందో చేతికి సరిగ్గా అందదు. మోకాళ్ళు మడిపించి, చేతులు రుద్దుకుని, ఈసారి పైనుంచి మొదలుపెట్టాను. గర్భసంచి పై అంచున గట్టిగా, గుండ్రంగా, రెండు చేతుల మధ్య ఇటూ అటూ ఆడింది. అదీ తల! ఎడమ పక్క నున్నగా వీపు. కుడి పక్క చిన్న చిన్న బుడిపెలు, కాళ్ళూ చేతులూ. అందులో ఒకటి నా అరచేతిని తన్నింది కూడా. కింద మెత్తగా, వెడల్పుగా ఉన్నవి పిరుదులు. పొట్ట తడిమి బిడ్డ ఎటు ఉందో తెలుసుకునే లియోపోల్డ్ నాలుగు పట్లని ట్రైనింగులో వల్లె వేసినదాన్ని, పై అంచు చూసే మొదటిది వదిలేసి పొత్తికడుపు చూసే మూడోదానికి దూకాను.

"ఎదురుకాళ్ళా పాపా?" అంది అవ్వ.

"ఇంకా టైముంది అవ్వా. 36 వారాలలోపు చాలామంది బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. తిరక్కపోతే తిరుపతిలో పెద్ద డాక్టర్లు చూస్తారు, బయటినుంచి చేత్తో తిప్పే పద్ధతి కూడా ఉంది" అని చెప్పి స్కానింగుకు రాసిచ్చాను.

అవ్వ ఊరుకుంటేనా! "ఎడమ పక్క ఉంటే మగబిడ్డేనా?"

పొట్ట పట్టి చూస్తే అది తెలియదు. స్కానింగులో తెలిసినా చెప్పకూడదని 1994 నుంచీ చట్టం ఉంది. అదే చెప్పాను. నేనేదో దాస్తున్నానన్నట్టు చూసింది.

కార్డులో "తల కిందికి" అన్న మాట కొట్టేస్తుంటే పిల్ల నా పెన్ను వైపే చూస్తోంది. కొట్టివేత లేకుండా కొత్త కార్డు రాసిద్దామా అనిపించింది. రాయలేదు. పక్కన సంతకం పెట్టి ఇచ్చేశాను.