బావ కొత్త డ్యాక్, పాత ఎల్‌పీలు

ఆదివారం, రాత్రి పదిన్నర

ఈ రోజంతా సత్యనారాయణపురంలో అక్కావాళ్లింట్లోనే గడిచింది. బావ కొత్త డ్యాక్ కొన్నాడు, డిజిటల్ ఫైల్లోని అంకెల్ని శబ్దపు సిగ్నల్‌గా మార్చే పెట్టె అది. టిఫిన్ ప్లేటు ఇంకా చేతిలో ఉండగానే నన్ను స్పీకర్ల ముందు కూర్చోబెట్టి, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైలు ఒకటి పెట్టాడు, అంటే శబ్దాన్ని సెకనుకి 1,92,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 24 బిట్లలో రాసినది. “సీడీలో శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇందులో చూడు, ఎక్కడా గరుకుండదు, నున్నగా వస్తుంది” అన్నాడు.

పాట బాగుంది. నిజంగానే బాగుంది. వీణ తీగ మీటిన చోటు, మీటాక అది సాగే తీరు, వెనకాల మృదంగం తొప్పి మీద పడే అరచెయ్యి, అన్నీ విడివిడిగా వినిపించాయి. కానీ దానికి కారణం 192 అన్న అంకె కాదని నా గట్టి నమ్మకం. ఈ మెట్ల మాట చాలామంది నోట విన్నాను. కంప్యూటర్ తెర మీద శాంపిళ్లని, అంటే ఆ కొలతల్ని, మెట్లలా గీసి చూపించే ఆ బొమ్మే అందరి బుర్రల్లో ఉండిపోయింది. మామూలు డ్యాక్ నుంచి బయటికొచ్చే సిగ్నల్‌లో మెట్లుండవు, ఫిల్టర్ దాటి వచ్చేది నునుపైన తరంగమే. ఒక శబ్దంలో ఉన్న అతి పెద్ద ఫ్రీక్వెన్సీకి రెండింతలకు మించిన వేగంతో శాంపిళ్లు తీస్తే ఆ తరంగాన్ని లోటు లేకుండా తిరిగి కట్టొచ్చని గణితజ్ఞుడు క్లాడ్ షానన్ 1949లో అచ్చైన పేపర్‌లో నిరూపించాడు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. నలభైలు దాటిన బావకీ నాకూ అంతకు చాలా ముందే ఆగిపోతుంది. సీడీ 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో 22 దాకా మోస్తుంది.

ఈ 44.1 అన్న వింత అంకె ఎక్కడిదో తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. తొలిరోజుల్లో డిజిటల్ ఆడియోని దాచడానికి వీడియో టేపులే వాడేవాళ్లు. సెకనుకి 50 ఫీల్డులు, ఫీల్డుకి 294 గీతలు, గీతకి 3 శాంపిళ్లు. గుణిస్తే సరిగ్గా 44,100. సోనీ, ఫిలిప్స్ కలిసి 1982లో సీడీని బజారులోకి తెచ్చేనాటికి ఆ అంకె అలా స్థిరపడిపోయింది.

ఇక బిట్ల సంగతి. 16 బిట్లంటే అతి సన్నని చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. 24 బిట్లకి కాగితం మీద 144. ఎంత మంచి ఎల్‌పీ అయినా 70 దగ్గరే ఆగుతుంది. ఫ్యాన్ తిరుగుతున్న మన హాల్లో 96 కూడా పూర్తిగా వాడుకోలేం. రికార్డింగ్ స్టూడియోకి మాత్రం 24 బిట్లు కావాలి. గాయకుడు ఉన్నట్టుండి గొంతు పెంచినా సిగ్నల్ పగలకుండా లెవెల్ కాస్త కిందికి పెట్టుకోవచ్చు, మిక్సింగ్‌లో ఎన్నిసార్లు సవరించినా లోటు పేరుకోదు. అది పనివాళ్ల అవసరం. వినేవాడికి దాంతో పని తక్కువ.

ఇదంతా చెప్తే బావ ఊరుకున్నాడు కానీ ఒప్పుకోలేదు. “నీ లెక్కలు సరే, నా చెవికి తెలుస్తోందిగా” అన్నాడు. చెవి మాటకి చెవితోనే జవాబు చెప్పాలి. భోజనాలయ్యాక పరీక్ష పెట్టుకున్నాం.

మేనకోడలు ఇంజనీరింగ్ చదువుతోంది. దానికి ఇలాంటివంటే సరదా. బావ దగ్గరున్న 24/192 ఫైల్లోంచే 16/44.1 కాపీ ఒకటి తయారుచేశాం. రెండూ ఒకే మాస్టర్ నుంచి, అంటే కాపీలన్నిటికీ మూలమైన తుది రికార్డింగ్ నుంచి, రావడం ముఖ్యం. సౌండ్ లెవెల్ రెండింటికీ అచ్చంగా ఒక్కటే ఉండాలి, ఎందుకంటే అర డెసిబెల్ పెద్దగా ఉన్నదాన్ని మన చెవి ‘పెద్దగా ఉంది’ అనుకోదు, ‘బాగుంది’ అనుకుంటుంది. షాపుల్లో పక్కపక్కన పెట్టి వినిపించే డెమోల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక్కటి చాలు. ఫూబార్ అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పెట్టి (ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించి కనుక్కోమనే పరీక్ష), తెర మాకు కనబడకుండా తిప్పి, అది మారుస్తుంటే మేం చెప్పాలి. ఈ ఎండల్లో ఫ్యాన్ కూడా ఆపేశాం. “మావయ్యా, చెమటలు పట్టేస్తున్నాయి, త్వరగా చెప్పండి” అని అది ఒకటే గొడవ.

బావ కళ్లు మూసుకుని చాలా శ్రద్ధగా విన్నాడు. చివరికి వచ్చింది దాదాపు సగానికి సగం. నాదీ అంతే. ఊహించి చెప్పినా అంతే వస్తుంది. తర్వాత అదే పాట పాత సీడీలోంచి ఒకటి, తర్వాతెప్పుడో మాస్టర్‌ని మళ్లీ సవరించి తెచ్చిన రీమాస్టర్ ఒకటి పెట్టాం. ఈసారి లెవెల్ సరిచేసినా రెండు సెకన్లలో ఇద్దరం పట్టేశాం, వంటింట్లోంచి అక్క కూడా పట్టేసింది. రీమాస్టర్‌లో అన్ని చప్పుళ్లనీ నొక్కి ఒకే ఎత్తుకి తెచ్చారు. మృదంగం దెబ్బకి విరుపు పోయింది. గాయని గుసగుసా, తారస్థాయీ రెండూ ఒకే దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. రీమాస్టర్ ఫైలు 24 బిట్లది, సీడీ 16 బిట్లది. మాకు నచ్చింది సీడీ.

నేను చెప్పేది ఇదే. ఫైలు అనే డబ్బా పరిమాణం గురించి జనం కొట్టుకుంటారు. తేడా ఉన్నది మాస్టర్‌లో.

మా హాల్లో జరిగింది మా ఇద్దరి చెవుల సంగతి. పెద్ద ఎత్తున చేసినవీ ఉన్నాయి. బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన మేయర్, మోరన్ 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పరీక్ష ప్రచురించారు. సీడీని మించిన వివరం పట్టే ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కుల సంగీతాన్ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దింపి ఒకసారి వినిపించారు. 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276 సార్లు, అంటే 49.8 శాతం. హై-రెస్ (సీడీని మించిన అంకెల ఆడియో) అభిమానులు దీన్ని వదల్లేదు. వాళ్లు వాడిన డిస్కుల్లో కొన్ని అసలు హై-రెస్ రికార్డింగులేనా అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ 18 పరిశోధనలని కలిపి చూస్తే, 12,500కి పైగా ప్రయత్నాల్లో 52.3 శాతం సరైనవి వచ్చాయి. ముందుగా చెవికి తర్ఫీదు ఇచ్చినవాళ్లలో 60 శాతం దగ్గర. కాబట్టి తేడా సున్నా అని నేను అనను. ఉన్నా ఎంత సన్నటిదో మాత్రం ఈ అంకెలే చెప్తున్నాయి. దాని కోసం తెలుగు పాటల బాగోగులు వదిలేసి అంకెల వెంట పడుతున్నాం. నా బాధంతా అదే.

ఎందుకంటే సాయంత్రం జరిగింది చూస్తే కడుపు మండింది. బావ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి కొన్న ఫైళ్లలో ఎనభైల నాటి తెలుగు సినిమా పాట ఒకటుంది. పేరు పక్కన 24/96 అని దర్జాగా రాసుంది. వినగానే తాళాల మీద నీళ్లలో బుడగల్లాంటి చప్పుడొచ్చి అనుమానం తగిలింది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో రంగుల్లో చూపే స్పెక్ట్రోగ్రామ్ తీసి చూశాం. కింద అంతా రంగులు, 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు సరళరేఖ, ఆ పైన 48 దాకా నల్లటి ఖాళీ. తక్కువ బిట్‌రేటుతో బాగా కుదించిన ఎంపీ3 వదిలే గుర్తు అది. ఎవరో ఎంపీ3ని సాగదీసి హై-రెస్ అని అమ్మేశారు. నీళ్ల పాలని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా? బావ ముఖం చిన్నబోయింది. నాకు బావ మీద జాలి కన్నా ఆ పాట మీద బెంగ ఎక్కువైంది. అది మద్రాసు స్టూడియోలో ముప్ఫై, నలభైమంది వాద్యకారులు ఒకేసారి కూర్చుని వాయించిన రోజుల్లోది. దాని అసలు టేపు ఎక్కడుందో, ఉందో లేదో, ఈ ఫైలు దేన్నుంచి వచ్చిందో ఒక్క ముక్క ఎక్కడా రాయలేదు.

అలాగని బావ వెంటనే “అయితే ఎల్‌పీలే నయం” అంటే దానికీ నేను తలూపలేదు. అలమరలోంచి ఎల్‌పీ తీసి, బ్రష్‌తో దుమ్ము తుడిచి, ముల్లు దించేటప్పుడు ఉండే ఇష్టం నాకూ ఉంది. బావ ఎల్‌పీల్లో కొన్ని ఇప్పుడు దొరికే ఏ ఫైలు కన్నా బాగుంటాయి, అది ఒట్టి మాట కాదు. కానీ కారణం వినైల్ కాదు, అప్పటి మాస్టర్ ఎవరూ పాడుచేయకముందే దాని మీదికెక్కింది. మాధ్యమంగా దాని ఇబ్బందులు దానికున్నాయి. సైడు చివరికొచ్చేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, తిరిగే వేగం మాత్రం అదే, కాబట్టి అదే సంగీతం తక్కువ పొడవులో ఇరుక్కోవాలి. చివరి పాటలో ‘స’, ‘ష’ వచ్చినచోటల్లా చిట్లినట్టు వినబడేది అందుకే. బావ దగ్గరున్న ఒక ఎల్‌పీలో సైడు చివరి మంగళం ఎప్పుడు విన్నా అంతే.

పైగా 2022లో అమెరికాలో జరిగిన మొబైల్ ఫిడెలిటీ అనే రికార్డుల కంపెనీ సంగతి ఉండనే ఉంది. అసలు టేపు నుంచి తీశామంటూ అమ్మే ఆ కంపెనీ ‘వన్‌స్టెప్’ ఎల్‌పీలు అప్పట్లో ఒక్కోటి 125 డాలర్లు. అనలాగ్ ప్రియులు వాటిని నెత్తిన పెట్టుకున్నారు. తయారీలో మధ్యన డిజిటల్ కాపీ ఉందని ఆ ఏడు జూలైలో ఫీనిక్స్‌లోని రికార్డుల షాపు యజమాని మైక్ ఎస్పొసిటో బయటపెట్టాడు. కంపెనీ ఇంజనీర్లు అవునన్నారు. ఏళ్ల తరబడి డిజిటల్ కాపీ నుంచి గాడి కోసిన రికార్డుల్ని ‘డిజిటల్‌లో ఈ జీవం ఎక్కడిది’ అంటూ మెచ్చుకుంటూ వచ్చారన్నమాట. ఆ మెచ్చుకోలు అబద్ధం కాదు, ఆ రికార్డులు బాగానే ఉన్నాయి. శ్రద్ధగా చేశారు కాబట్టి బాగున్నాయి. దాచిపెట్టడమే తప్పు.

మేనకోడలి వాదన వేరు. “నాకు ఇయర్‌బడ్స్ చాలు మావయ్యా” అంటుంది. దాని యాప్‌లో ‘లాస్‌లెస్’, అంటే ఏమీ పోకుండా వస్తోంది, అని గుర్తు వెలుగుతోంది. ఫోన్ దాకా లాస్‌లెస్సే. అక్కడి నుంచి బ్లూటూత్‌లో వెళ్లేటప్పుడు మామూలుగా మళ్లీ కుదిస్తారు, కొంత పోతుంది. బాగా ఉదారంగా ఉండే ఎల్‌డ్యాక్ అనే బ్లూటూత్ పద్ధతి కూడా సెకనుకి 990 కిలోబిట్లు దాటదు, సీడీకే 1,411 కావాలి. అయినా దాన్ని నేనేమీ అనలేదు. మంచి మాస్టర్ అయితే ఆ ఇయర్‌బడ్స్‌లో కూడా మంచిగానే వినిపిస్తుంది.

హై-రెస్ నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది, పాతవాటిని కాపాడే చోటు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ, పాత రికార్డుల్ని డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌ని సిఫారసు చేస్తుంది. చెవికి పట్టే సంగీతం అంత లేకపోయినా, గీతల టక్‌టక్‌లని అంత వివరంగా పట్టుకుంటేనే వాటిని విడదీసి తుడవడం తేలిక. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ మనకి 78 ఆర్‌పీఎం రికార్డుల్లో మిగిలింది, సైడుకి మూడు నిమిషాల చిల్లర. అలాంటివాటిలో బిట్ల కన్నా ముందు చూడాల్సింది వేగం. 78 అన్నది పేరుకే, అన్నీ సరిగ్గా అదే వేగంతో కోసినవి కావు. 80 దగ్గర కోసినదాన్ని 78లో తిప్పితే ఒకటి శ్రుతికీ ఒకటిన్నర శ్రుతికీ మధ్య దూరంలో దాదాపు సగం దిగిపోతుంది. నాయుడుగారి కమాను ఒత్తిడి గురించి మాట్లాడుకునే మనం ఆ శ్రుతిని గాలికి వదిలేస్తే ఎలా? ఏ రికార్డు, ఎంత వేగం, ఏ ముల్లు, ఎవరు ఎక్కించారు, ఏమేం తుడిచారు అని నాలుగు లైన్లు ఫైలుతోపాటు ఇవ్వాలి. కంపెనీలనీ, యాప్‌లనీ నేను అడిగేది అదే. 192 నాకొద్దు, ఆ నాలుగు లైన్లు కావాలి.

ఈ మాటల మధ్యలోనే బావ లోపలికెళ్లి ఒక క్యాసెట్ తెచ్చాడు. వాళ్ల నాన్నగారు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఊళ్లో ఎవరో మైకు ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన క్యాసెట్ అది, లేబుల్ మీద సిరా చెదిరిపోయింది. మరో కాపీ లేదు. ఇంతకాలం పాడైపోతుందన్న భయంతో వినడమే మానేశాడట. దీన్ని మాత్రం 24/96లోనే ఎక్కిద్దామన్నాను. క్యాసెట్ డెక్‌లో టేపుని చదివే హెడ్ వాలుని ఆ క్యాసెట్‌కి తగ్గట్టు స్క్రూతో సరిచేయాలి, లేకపోతే పై స్థాయిలన్నీ మొద్దుబారిపోతాయి. సుర్రుమనే చప్పుడుని తీసేయకూడదు, తీస్తే గొంతులో జీర కూడా దాంతోనే పోతుంది. తుడవని కాపీ ఒకటి ఎప్పటికీ అలాగే ఉంచాలి. వేగం సరిచూసుకోవడానికి ఆధారం ఆ పద్యాల వెనక మోగే హార్మోనియం. వాళ్ల నాన్నగారు నాలుగు శ్రుతిలో పాడేవారని బావకి బాగా గుర్తు. ఆ హార్మోనియం ఇప్పటికీ వాళ్ల తమ్ముడి దగ్గరే ఉందట, దాని నాలుగు మెట్టుని ఫోన్‌లో రికార్డు చేసి పంపమని అప్పుడే అడిగాడు.

నా డెక్ బెల్టు సాగిపోయింది. గవర్నరుపేటలో పాత డెక్కులు బాగుచేసే ఆయనకి ఫోన్ చేస్తే రేపు సాయంత్రం ఆరు దాటాక తెమ్మన్నాడు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాలి కాబట్టి డెక్‌ని ఇప్పుడే సంచిలో సర్ది పెట్టాను.