ఆ బాణం గుర్తు ఎవరిది?

పేటెంట్ల పనిలోకి రాకముందు నా ఉద్యోగం నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌లో లోపాలు పట్టుకోవడం. ఆ అలవాటు పోలేదు, పోకూడదనే కోరుకుంటాను. క్లెయిమ్ (ఆవిష్కరణలో ఏ భాగంమీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యం) చేతికి రాగానే దాడిచేసేవాడి కళ్లతో చదువుతాను: ఇందులో ఏ ఒక్క అంశాన్ని తప్పిస్తే ఇదే పని నిక్షేపంగా చేసుకోవచ్చు?

సెక్యూరిటీ ఆవిష్కరణల్లో ఆ సందు తరచూ ఒకే చోట కనిపిస్తుంది. ప్రోటోకాల్‌లో కనీసం ఇద్దరుంటారు కదా. ఇంజనీర్లు జరిగింది జరిగినట్టే చెబుతారు: ఫోన్ కీ తయారుచేస్తుంది, సర్వర్ ఒక సవాలు పంపుతుంది, ఫోన్ దానిమీద సంతకం చేస్తుంది, సర్వర్ సరిచూస్తుంది. సాంకేతికంగా వంక పెట్టడానికి లేదు. మెథడ్ క్లెయిమ్, అంటే పనిని అంచెలుగా చెప్పే క్లెయిమ్, కూడా అదే వరసలో రాశామా, చిక్కే. ఫోన్ వాడేది ఒకరు, సర్వర్ నడిపేది ఇంకొకరు; పేటెంట్ ఉల్లంఘించాడని పట్టుకుందామంటే, అన్ని అంచెలూ తనే చేసినవాడు ఒక్కడూ దొరకడు. అమెరికాలో ఇంటర్నెట్‌లో కంటెంట్ చేరవేసే అకమాయ్, లైమ్‌లైట్ కంపెనీలు పోరాడింది దీనిమీదే. అకమాయ్ పేటెంట్‌లోని కొన్ని అంచెలు లైమ్‌లైట్ చేసింది, కొన్ని దాని కస్టమర్లు చేశారు. 2006లో వేసిన దావా 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు అకమాయ్ పక్షాన తేల్చింది. గెలిచారు సరే, తొమ్మిదేళ్లు!

అందుకే నేను సర్వర్ వైపు కూర్చుని ఒక క్లెయిమ్ రాస్తాను. అందులో క్రియలన్నీ సర్వర్‌వే: పంపడం, అందుకోవడం, సరిచూడడం. ఫోన్ చేసే సంతకం అక్కడ అంచె కాదు, అందుకున్న సందేశానికి ఒక లక్షణం మాత్రమే. ఫోన్ వైపు నుంచి మరో క్లెయిమ్ విడిగా ఉంటుంది.

ఇంకో చిక్కు, దరఖాస్తు వేయకముందే సదస్సులో చెప్పేయాలన్న ఆత్రం. ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి పద్ధతి 1977 ఆగస్టు సైంటిఫిక్ అమెరికన్‌లో అచ్చయింది. పేటెంట్ దరఖాస్తు పడింది డిసెంబరులో. అమెరికా చట్టంలో వెల్లడించాక దరఖాస్తు వేయడానికి ఏడాది గడువుంది కాబట్టి 1983లో అక్కడ పేటెంట్ వచ్చింది. దరఖాస్తుకు ముందు ఎక్కడా వెల్లడి కాకూడదనే దేశాల్లో ఆ తలుపు అప్పటికే మూసుకుపోయింది.

కాబట్టి స్లైడ్లు తయారయ్యేలోపే సందేశాల బొమ్మ గీసి ఇవ్వమంటాను. ప్రతి బాణం గుర్తు పక్కనా ఆ యంత్రాన్ని ఎవరు నడుపుతున్నారో రాయమంటాను. బొమ్మ తేలికే. కీలు ఎవరి క్లౌడ్‌లో ఉన్నాయి, సంతకం చేసే చిప్ ఎవరి అధీనంలో ఉంది అనేదగ్గర చర్చ మొదలవుతుంది. ఎవరి వైపు నుంచి రాయాలో తేలేది ఆ చర్చలోనే.